పేరు చివర ఖాళీ

"నిజం చెప్పమ్మా. ఆ ఫైలు నువ్వు తీసేశావా?"

"తియ్యనేదు మేడమ్. పొద్దుట్నించీ ఎంతమంది అడిగినా అదే సెప్పినాను. నాను తియ్యనేదు."

సింధూరి తల ఎత్తలేదు. ఒకప్పుడు బ్యాటరీలు పెట్టుకున్న గది అది. గాలి ఆడదు. ఉన్న ఒక్క ఇనుప తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కానిస్టేబుల్ నీలవేణి కూర్చుంది. కుసుమ ఫెర్రో అల్లాయ్స్ వాళ్ళు ఆ గదికి డేటా రూమ్ అని పేరు పెట్టి, రెండు కంప్యూటర్లు పడేసి, సింధూరికి ఉద్యోగం ఇచ్చారు. ఇవాళ పొద్దుటి నుంచి అదే ఆమెకి లాకప్పు అయింది.

సింధూరి ఇంటివాళ్ళు పిలిపించిన ప్రైవేటు డిటెక్టివ్ బెవర ఝాన్సీ వాచీ చూసుకుంది. రెండూ ఇరవై. సాయంత్రం అయిదింటికల్లా సీఐ ఆనంద్‌కుమార్ ఈ పిల్లని చీపురుపల్లి కోర్టులో హాజరుపరుస్తాడు. హత్యానేరం మీద.

చనిపోయినవాడు గోపి. రెండో నంబరు ఫర్నేసులో హెల్పరు. పోయిన మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి ఫర్నేసు పక్కనున్న గ్యాస్ గ్యాలరీలోకి వెళ్ళినవాడు మళ్ళీ బయటికి నడిచి రాలేదు. కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని గ్యాసు. దాన్ని కనిపెట్టడానికే గ్యాలరీ గోడకి మీటరు బిగించారు. గ్యాసు పెరిగితే అలారం మోగాలి. మరి ఆ వేళ మోగిందా లేదా?

ఆ జవాబు ఉండాల్సిన చోట లేదు. ప్లాంటులో ఉన్న ప్రతి మీటరూ షిఫ్టు ముగిసేసరికి తన రీడింగులతో ఒక ఎక్సెల్ ఫైలు తయారుచేసి ఫోల్డర్‌లో పడేస్తుంది. ఆ ఫైళ్ళన్నిటినీ ఒక టూల్‌తో కలిపి ఒకే పట్టిక చెయ్యడం సింధూరి పని. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి వెళ్ళిన పట్టికలో అన్ని మీటర్లూ, అన్ని షిఫ్టులూ ఉన్నాయి. మంగళవారం, బి షిఫ్టు, రెండో ఫర్నేసు మాత్రం లేదు.

పైగా గోపి సింధూరికి మేనత్త కొడుకు. నెల కిందట పెళ్ళిమాటలకి కూర్చున్న పెద్దల మధ్యలోంచి, సింధూరిని చేసుకోనని లేచి వెళ్ళిపోయాడు. సీఐకి అంతకంటే ఏం కావాలి? అలారం మోగింది, సింధూరి చూసి ఊరుకుంది, తర్వాత ఫైలు మాయం చేసింది. కథ అల్లడం అయిపోయింది.

"ఆడు ఒద్దన్నాడని సంపీసుకుంతానేటి మేడమ్?" అంది సింధూరి. "సిన్నప్పట్నించీ బావా బావా అని ఎనకాలే తిరిగినాను. ఒద్దన్నాడు. కోపమొచ్చింది. మాటలు మానీసినాను. అంతే."

"సరే. అది పక్కన పెట్టు. ఆ పట్టిక మళ్ళీ చెయ్యి. నా కళ్ళముందు, మొదటినుంచీ."

సింధూరి కళ్ళు తుడుచుకుని మౌసు పట్టుకుంది. ఫోల్డర్ చూపించింది, కలపమంది. తెర మీద అంకెలు వరదలా దిగాయి.

"సూసినారా? ఏ తప్పూ సూపించదు. శుభ్రంగా వొచ్చీసింది."

"అదే నాకు నచ్చడం లేదు," అంది ఝాన్సీ. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఆమె బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసేది. మరకలేని కాగితం కనబడితే ఆమెకి ముందు అనుమానమే వచ్చేది. "ఇన్ని మీటర్లు, నెలల తరబడి ఫైళ్ళు. ఒక్కదాంట్లోనూ చిన్న తేడా లేదా? తేడా వస్తే ఈ టూల్ ఏం చేస్తుంది?"

సింధూరి తటపటాయించింది. "ఆగిపోవాల మేడమ్. కానీ, తప్పున్న ఫైళ్ళని వొదిలీసి ముందుకెళ్ళిపొమ్మని ఒక టిక్కు ఉంతాది. అది పెట్టీసి ఉన్నాది."

"ఎవరు పెట్టారు?"

"నానే. మూడు నెల్ల కితం. రోజూ ఏదో ఒక ఫైలు కాడ ఆగిపోతన్నాదని సెప్తే, ఆ టిక్కు పెట్టీ, గొడవ ఒదిలిపోద్ది అని సారు..."

ఇనుప తలుపు ధడాలున తెరుచుకుంది. నీలవేణి కుర్చీ జరిపి లేచి నిలబడింది.

"టైమైపోయింది ఝాన్సీ గారూ," అన్నాడు సీఐ ఆనంద్‌కుమార్. వెనకాలే సేఫ్టీ ఆఫీసరు కళ్యాణ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, తెల్ల హెల్మెట్టు, నడుముకి తాళాల గుత్తి. గేటు దగ్గర ఝాన్సీని లోపలికి రానిచ్చినవాడు అతనే. పొద్దుట ఈ పిల్లకి టిఫిను పంపించింది కూడా అతనే.

"ఇంకో అయిదు నిమిషాలు."

"బొబ్బిలి కేసులోనూ అయిదు నిమిషాలే అన్నారు. తర్వాత నన్ను కోర్టు చుట్టూ తిప్పారు."

"ఆ కేసులో మీరు పట్టుకెళ్ళిన మనిషి నిర్దోషి అని తేలింది కదా సీఐ గారూ."

ఆనంద్‌కుమార్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఇక్కడ ఆ సందేహమే లేదు. ఫైళ్ళు ముట్టుకునే మనిషి ఒక్కతే. ఫైలు లేదు."

"లేదని ఎలా చెబుతున్నారు? ఫోల్డర్ చూశారా, పట్టిక చూశారా?"

"ఫోల్డర్‌లో వేల ఫైళ్ళున్నాయి. పట్టికే చూశాను. అన్నీ అందులో కలిసే ఉంటాయి కదా."

"సింధూరీ, ఆ టిక్కు తీసేసి మళ్ళీ కలుపు."

సింధూరి మౌసు నొక్కింది. టిక్కు పోయింది. అంకెలు దిగడం మొదలై మధ్యలో ఆగాయి. పసుపు పట్టీలో ఒక వాక్యం మెరిసింది. అడిగిన పేరుతో షీటు దొరకలేదని దాని అర్థం. ఏ ఫైలు దగ్గర ఆగిందో చూసి సింధూరి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఉన్నాది! మేడమ్, మంగళవారం ఫైలు ఉన్నాది! సూడండి, ఫోల్డర్లోనే ఉన్నాది!"

"మరి పట్టికలోకి ఎందుకు రాలేదు?"

"ఈ టూల్ మొదటి ఫైలుని నమూనాగా పెట్టుకుంతాది మేడమ్. దాంట్లో షీటు పేరు ఏటుంటే, అన్నిట్లోనూ అదే పేరు ఎతుకుతాది. అక్షరం తేడా వొచ్చినా ఇది నాది కాదంతాది. టిక్కు ఉన్నాది కాబట్టి సప్పుడు సెయ్యకుండా వొదిలీసింది."

ఫైలు తెరిచారు. షీటు పేరు 'రీడింగ్స్'. మిగతా వాటిలోనూ అదే. సీఐ వంగి చూశాడు, ఏ తేడా కనబడలేదు. ఝాన్సీ ఆ పేరు మీద రెండుసార్లు నొక్కి, కర్సర్‌ని చివరికి తోసింది. ఆఖరి అక్షరం దాటి కర్సర్ ఇంకో గడి ముందుకు జరిగింది.

"పేరు చివర ఖాళీ," అంది. "కంటికి కనబడదు. టూల్‌కి మాత్రం అది వేరే పేరు."

తర్వాత రీడింగుల్లోకి దిగింది. మూడూ పదికి గ్యాసు ప్రమాద స్థాయి దాటింది. అలారం మోగింది. మూడూ పన్నెండుకి అలారం ఆపేశారు, రెండో ఫర్నేసు కేబిన్‌లో బటన్ నొక్కి. గోపి గ్యాలరీలోకి వెళ్ళింది మూడున్నరకి.

"మోగిన అలారం నొక్కేసి గోపిని లోపలికి పంపారు. డేటా రూమ్‌కీ కేబిన్‌కీ మధ్య ఎంత దూరమో మీకు తెలుసు సీఐ గారూ."

ఆనంద్‌కుమార్ ఆ సమయాలు మళ్ళీ చదివాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "అలారం ఎవరు ఆపారో తర్వాత చూద్దాం. ఒక్కతే చేసిందని నేనూ అనడం లేదు. కానీ షీటు పేరు మారిస్తే టూల్ వదిలేస్తుందని ఈ ప్లాంటులో ఎవరికి తెలుసు? ఆ టిక్కు పెట్టింది ఎవరు? మీరే తేల్చారు, థాంక్స్. ఇందాక ఫైలు పోయింది అనుకున్నాను. ఇప్పుడు సాక్ష్యం కూడా దొరికింది."

సింధూరి మౌసు వదిలేసింది. "ఎటు తిరిగినా నా మెడకే సుట్టుకుంతన్నాది మేడమ్."

ఝాన్సీ తెర వైపు వంగింది. ముడి విప్పబోయి ఇంకాస్త బిగించింది తనే.

"పాపం, చిన్నపిల్ల," అన్నాడు కళ్యాణ్ నొచ్చుకుంటున్నట్టు. "కోపంలో ఏదో చేసేసి ఉంటాది. ఇంక వదిలీండి మేడమ్. ఆ పిల్లని ఇంకా ఏడిపించడం ఎందుకు?"

"తప్పు ఒక్కటే కాకపోవచ్చు," అంది ఝాన్సీ తెర మీంచి చూపు తిప్పకుండా. "సింధూరీ, ఆ పేరు సరిచేసిన కాపీ పెట్టి మళ్ళీ కలుపు. ఇంకెక్కడైనా ఆగుతుందేమో చూద్దాం."

ఆగింది. ఈసారి వేరే మాట. ఈ ఫైలు తెరవడం వీలు కాదని. పేరు చూస్తే అదే మంగళవారం ఫైలు, కానీ ముందు ఏదో వంకర గీత, డాలరు గుర్తు తగిలించుకుని ఉంది. ఫోల్డర్‌లో వెతికితే కనబడలేదు.

"దాక్కున్న ఫైళ్ళని కూడా చూపించమను."

అప్పుడు కనబడింది, వెలిసిపోయిన రంగులో, పిడికెడంత ఫైలు.

"ఇది దెయ్యం ఫైలు మేడమ్," అంది సింధూరి. "ఎవులైనా ఎక్సెల్ ఫైలు తెరిస్తే పక్కన ఇది పుడతాది. మూసీగానే సచ్చిపోద్ది. తెరిచినోళ్ళ పేరు దీన్లో రాసుకుంతాది, ఇంకొకలు అదే ఫైలు తెరిస్తే పలానా వోళ్ళు వాడతన్నారని సెప్పడానికి. మూసేలోగా కరెంటు పోతే మట్టుకు ఇలాగ ఉండిపోద్ది."

"ఎప్పుడు పుట్టింది?"

"బుధవారం. పదకొండూ రెండు."

"బుధవారం పదకొండింటికి కరెంటు పోయిందా?"

జవాబు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. నీలవేణి ఉండబట్టలేకపోయింది. "పోయిందండి. ఆయాల ఈ లైన్లో పదకొండు దాటగానే పోయింది, స్టేషన్లో కూడా ఫేన్లు ఆగిపోనాయి. ఈ పిల్ల మా కాడే ఉన్నాది కదండి, సీఐ గారి ఎదురుగుండా..."

అంటూనే నాలిక కరుచుకుంది.

ఝాన్సీ మెల్లగా సీఐ వైపు తిరిగింది. "బుధవారం పదకొండింటికి సింధూరి మీ ఎదురుగా కూర్చుని వాంగ్మూలం ఇస్తోంది. ఆ సమయానికి ఇక్కడ ఎవరో ఈ ఫైలు తెరిచి, షీటు పేరు మార్చి, సేవ్ చేశారు. మూసేలోగా కరెంటు పోయింది. ఈ అమ్మాయి తరఫు సాక్షిగా రేపు కోర్టులో మిమ్మల్నే పిలవాలి సీఐ గారూ."

ఆనంద్‌కుమార్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి తెరని చూస్తూ ఉండిపోయాడు. మొండివాడే గానీ కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనే మనిషి కాదు. "ఫైలు తీసేస్తే సరిపోయేదిగా? పేరెందుకు మార్చాలి?"

"తీసేస్తే ఎవరో ఒకరు వెతుకుతారు. ఇలా అయితే ఫైలు ఫోల్డర్‌లో ఉంటుంది, పట్టికలో ఉండదు. బయటపడినా మీరు ఇందాక అన్న మాటే అందరూ అంటారు. అయినా ఈ పని చేసిందెవరో ఇదే చెబుతుంది. సింధూరీ, దీన్ని నోట్‌ప్యాడ్‌లో తెరువు."

పిచ్చి గుర్తుల మధ్య ఒక్క పేరు చదవడానికి వీలుగా ఉంది. మనిషి పేరు కాదు. ఎఫ్ టూ కేబిన్.

"రెండో ఫర్నేసు కేబిన్ కంప్యూటరు," అన్నాడు సీఐ, ఈసారి గొంతు తగ్గించి. "అదెలా కుదురుతుంది? మంగళవారం సాయంత్రమే ఆ కేబిన్‌కి నేను తాళం వేసి సీలు పెట్టాను."

"సీలు ఊడిందేమో చూద్దాం పదండి."

"పొద్దుట చూశాను. చెక్కు చెదరలేదు." గుమ్మం వైపు తిరిగాడు. "నీలవేణీ, ఇక్కడ కాపలా అక్కర్లేదు. ఆ పిల్లని కూర్చోనీ. నువ్వు జీపు దగ్గరికెళ్ళి స్టేషన్‌కి ఫోన్ చేసి, బుధవారం వాంగ్మూలం కాపీ తెప్పించు."

అతను తప్పు ఒప్పుకునే పద్ధతి అదే. ఝాన్సీ తలుపు వైపు నడిచింది.

కేబిన్ ముందు తలుపుకి సీలు నిజంగానే చెక్కు చెదరలేదు. అయితే ఆ కేబిన్‌కి ఇంకో తలుపు ఉంది. అది గ్యాస్ గ్యాలరీలోకి తెరుచుకుంటుంది.

"గ్యాలరీ చూడాలి," అంది ఝాన్సీ.

"నేను తీస్తాను మేడమ్," అన్నాడు కళ్యాణ్. గుత్తిలోంచి తాళం చెవి ఏరి ఇనుప తలుపు తెరిచాడు. జేబులోంచి అరచేతిలో పట్టే పసుప్పచ్చ గ్యాస్ మీటరు తీసి ఝాన్సీ చేతిలో పెట్టాడు. "బుధవారం కరెంటు పోయినప్పట్నించీ ఇటు లైను ఇవ్వలేదు. గోడ మీద మీటరు పనిచెయ్యదు. ఇది దగ్గరుంచుకోండి. సున్నా ఉన్నంతసేపూ భయం లేదు. నేను గుమ్మం కాడే ఉంటాను, ఒకలు బయట ఉండాలని రూలు."

లోపల ఇరుకైన రేకుల నడవా. తలకి తగిలేంత ఎత్తులో లావుపాటి గొట్టాలు. ఎక్కడ చూసినా వేలి మందాన నల్లటి దుమ్ము. ఇద్దరూ టార్చీలు వేసుకుని ఒకరి వెనక ఒకరు నడిచారు. గోపి పడి ఉన్న చోట సుద్దగీత ఇంకా ఉంది. సీఐ దాన్ని దాటుకుని వెళ్ళాడు.

కేబిన్‌లోకి వెళ్ళే తలుపు దగ్గర ఝాన్సీ మోకాళ్ళ మీద కూర్చుంది. గుమ్మం కింద దుమ్ములో అర్ధచంద్రాకారంగా చెరిగిన గీత. ఇటీవల ఆ తలుపు తెరిచారు. తాళం వేసి ఉన్న గొళ్ళెం మరలు తుప్పు లేకుండా తళతళలాడుతున్నాయి. చేత్తో తోస్తే గొళ్ళెం ఊడి వచ్చింది. మరలు విప్పి, పైపైన ఆనించి వదిలేశారంతే.

"మీ సీలుకి ఏం కాలేదు, నిజమే. వచ్చినవాడు ఇటునుంచి వచ్చాడు. మంగళవారం తర్వాత ఈ గ్యాలరీ తాళం ఎవరి దగ్గరుంది?"

"ఎవరి దగ్గరేమిటి, సేఫ్టీ వాళ్ళ..." ఆనంద్‌కుమార్ మాట సగంలో ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డేటా రూమ్‌లో తలుపు తెరుచుకున్నప్పుడు సింధూరి నోట్లో ఆగిపోయిన మాట ఝాన్సీ చెవిలో మోగింది. టిక్కు పెట్టమన్న ఆ సారు ఎవరో అడగడం మర్చేపోయింది.

దూరంగా ఏదో ఇనుప చక్రం తిరుగుతున్నట్టు కిర్రుమంది.

"ఒక్క నిమిషం," అన్నాడు సీఐ నుదురు నొక్కుకుంటూ గొట్టానికి ఆనుకుని. "పొద్దుట్నుంచి తిండి లేదు. తల పట్టేస్తోంది."

ఝాన్సీ కణతల్లో కూడా ఏదో టకటకమని కొట్టుకుంటోంది. మీటరు చూసింది. సున్నా. పక్కనున్న పరీక్ష బటన్ నొక్కింది. కీచుమనాలి. అనలేదు. మళ్ళీ నొక్కింది. తెర మీద సున్నా కదల్లేదు.

"ఇది చచ్చిపోయిన మీటరు. బయటికి! నడవండి!"

ఇనుప తలుపు మూసి ఉంది. అవతల గడియ పడింది. తలుపులో అరచెయ్యంత అద్దం. అద్దం అవతల కళ్యాణ్ మొహం.

"తలుపు తియ్యరా!" సీఐ భుజంతో గుద్దాడు.

"ఒకటో ఫర్నేసు గొట్టం కూడా ఈ గ్యాలరీలోంచే పోతాది సార్. దాని గ్యాసుని లోపలికి వదిలే వాల్వు బయటే ఉంది." రేకు వెనకనుంచి కళ్యాణ్ గొంతు సన్నగా వినబడింది. అందులో కోపం లేదు, అలసట ఉంది. "గోపిని చంపాలని నాకేమైనా కోరికా? ఏడాదిగా మీటర్లు ఏవీ పరీక్ష చెయ్యలేదు. చేసినట్టు సంతకాలన్నీ నావే. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పీస్తానన్నాడు. బతిమాలినాను, వినలేదు."

సీఐ పిస్తోలు తీశాడు. ఝాన్సీ రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది. "ఈ గ్యాసు మండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, మనతో పాటు ఫర్నేసు కూడా పేలిపోతుంది."

పిస్తోలు కిందికి దిగింది.

"మేడమ్," అన్నాడు కళ్యాణ్, "ఆ టిక్కు ఎవరు పెట్టమన్నారో సింధూరి మీకు చెప్పిందా?"

"చెప్పింది. రాసి సంతకం కూడా పెట్టింది."

అద్దం అవతల కళ్యాణ్ తల అడ్డంగా ఊపాడు. "లేదు మేడమ్. చెప్పి ఉంటే మీరు నా చేతిలోంచి మీటరు తీసుకునుండరు."

మొహం మాయమైంది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి నడవా అంతా వెనక్కి పరుగెత్తి కేబిన్‌లోకి దూరారు. తలుపు మూస్తే మూసుకోదు, గొళ్ళెం లేదు. సందులోంచి గాలి వస్తూనే ఉంది. ఝాన్సీ చున్నీ ఆ సందులో కుక్కింది. ముందు తలుపు కదల్లేదు. అవతల వేలాడుతున్నది సీఐ వేసిన తాళం, దాని మీద సీఐ పెట్టిన సీలు. తాళంచెవి జీపులో ఉంది. ఫోన్లకి సిగ్నల్ లేదు. ఆనంద్‌కుమార్ కుర్చీ ఎత్తి కిటికీ అద్దం మీద బాదాడు. అద్దం పగిలింది గానీ రాలలేదు. దాని మధ్యలో ఇనుప తీగల వల ఉంది.

పగుళ్ళలోంచి కింద ప్లాంటు ఆవరణ కనబడుతోంది. తెల్ల హెల్మెట్టు తొందరేమీ లేకుండా డేటా రూమ్ వైపు నడిచిపోతోంది.

"ఆ పిల్ల దగ్గర్నుంచి నీలవేణిని నేనే పంపేశాను," అన్నాడు ఆనంద్‌కుమార్. గోడ పట్టుకుని కిందికి జారాడు.

ఝాన్సీ అతని చేతిలోంచి కుర్చీ లాక్కుంది. ఒకసారి కొట్టింది. మళ్ళీ కొట్టింది. తీగలు వంగాయి, తెగలేదు. "సింధూరీ! తలుపు తియ్యకు!" అని అరిచింది. ఆ అరుపు ఒకటో ఫర్నేసు హోరులో కలిసిపోయింది.

కళ్యాణ్ డేటా రూమ్ ముందు ఆగాడు. తాళాల గుత్తి వైపు చెయ్యి పోనివ్వలేదు. హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకుని, ఇనుప తలుపు మీద వేళ్ళతో తట్టాడు.

కాసేపటికి ఆ తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.